నాలుగు బ్యాటరీలు, ఒక వెండి కడియం

నడవలేకపోవడం నన్ను పెద్దగా ఏడిపించలేదు. నన్ను ఎత్తుకుని మోయడం ఏడిపించింది. మూడేళ్ళప్పుడు జ్వరం వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. అప్పటినుంచి ఇరవై ఏళ్ళు వచ్చేదాకా మా నాయిన వీపే నా బండి. బడికి, ఆస్పత్రికి, పెళ్ళిళ్ళకి, అన్నిటికీ ఆ వీపే. ఆయన తాపీ మేస్త్రీ. పగలంతా ఎవరి ఇళ్ళకో గోడలు లేపి, ఇంటికొచ్చి నన్ను లేపేవాడు. ఒకరోజు మేముండే చాల్, అంటే గదికో సంసారం ఉండే మేడ, దాని మెట్ల మీద నన్ను మోస్తుంటే ఆయన నడుము పట్టేసింది. ఇద్దరం మెట్ల మీదే కూలబడ్డాం. నొప్పికి పళ్ళు బిగబట్టి, "ఏం లేదు బిడ్డా, జర దమ్ము తీసుకుంట" అన్నాడు. నాకు సిగ్గుతో ఒళ్ళు మండిపోయింది. మర్నాటి నుంచి మెట్లు కూర్చుని జారుకుంటూ దిగడం నేర్చుకున్నాను.

మాది బొంబాయిలో కామాటిపుర. తాతల కాలంలో పాలమూరు నుంచి ఈ ఊరికి రాళ్ళు కొట్టడానికి, గోడలు కట్టడానికి వచ్చిన కామాటీల పేరే ఆ పేటకు పడింది. ఊళ్ళో సానివాడలు కూడా అక్కడే ఉండడంతో, పేట పేరు చెప్పగానే బయటివాళ్ళ కనుబొమలు లేచేవి. లేస్తే లేవనీ అని ఊరుకునేదాన్ని.

ఎనభైల నడుమ సంగతి ఇది. దాదర్‌లో మనవాళ్ళ సంఘం ఒకటి చిన్న గ్రంథాలయం తెరవబోతోందనీ, ఇంట్లో కూడా మరాఠీ, హిందీ మాట్లాడే పిల్లలకు అక్కడ కూర్చుని తెలుగు నేర్పే మనిషి కావాలనీ తెలిసింది. నేను పదో తరగతి దాకా తెలుగులోనే చదివాను. నాయిన టాక్సీలో తీసుకుపోయాడు. సంఘం పెద్దాయన నాచేత చదివించాడు, రాయించాడు, సంతోషపడ్డాడు. చివరికి నా కాళ్ళవైపు చూసి, "అమ్మా, రోజూ రావాలి. ఎవరో తెచ్చి దింపుతారంటే కుదరదు. వాళ్ళకు ఒంట్లో బాగాలేని రోజు పిల్లలు గుమ్మంలో నిలబడతారు. దసరా తర్వాత తెరుస్తాం. నీ అంతట నువ్వు రాగలిగితే ఈ కుర్చీ నీదే" అన్నాడు. నాకు కోపం ముంచుకొచ్చింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆయన మాటలో తప్పేం కనబడలేదు. అందుకు ఇంకా కోపం వచ్చింది.

నాయిన నడుము పట్టేశాక కొన్న, చేత్తో తిప్పే మూడు చక్రాల బండి ఒకటి నాకుండేది. దాంతో నాగ్‌పాడా దాకా పోయి రాగలిగేదాన్ని. దాదర్ పోవాలంటే మాత్రం రైలు పట్టాల మీదుగా బైకుల్లా బ్రిడ్జి ఎక్కాలి. ఒకరోజు ప్రయత్నించాను. సగం ఎక్కేసరికి భుజాలు పడిపోయాయి, బండి వెనక్కి జారసాగింది. ఎవరో ముగ్గురు పరిగెత్తుకొచ్చి నూకారు. పుణ్యాత్ములే, కాదనను. కానీ మళ్ళీ ఎవరి వీపో ఎక్కినట్టే అనిపించింది. బ్రిడ్జి పైన ఊపిరి తీసుకుంటూ, ఈ బండికి మోటారు పెట్టి తీరాలని అక్కడే తీర్మానించుకున్నాను.

మోటారు చోర్ బజార్ పాత సామాన్లలో దొరికింది. ఇరవై నాలుగు వోల్టులది. దాన్ని వెనక చక్రానికి గొలుసుతో కలపడం సైకిలు మేస్త్రీ చేసిపెట్టాడు. ఇక బ్యాటరీలే కదా, టాక్సీల్లోంచి తీసినవి రెండు కడితే పరిగెడుతుందని అందరూ అన్నారు. పన్నెండూ పన్నెండూ ఇరవై నాలుగు, ఆ మాత్రం లెక్క నాకూ తెలుసు. ఒకదాని ప్లస్సుకు ఇంకోదాని మైనస్సు కలిపి నేనే కట్టాను. బండి నిజంగానే పరిగెత్తింది, ఫోరస్ రోడ్డు మలుపు దాకా. అక్కడ తీగ వేడెక్కి, దానిమీది తొడుగు కరిగి, నా సీటు కింద నుంచి పొగ లేచింది. జనం పోగై, బండిని నూక్కుంటూ ఇంటికి తెచ్చారు.

ఆ గుంపులోనే మామ ఉన్నాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు, గల్లీ అంతటికీ ఆయన మామే. రేవులో సరుకు మోసే బ్యాటరీ బండ్లుండేవి. వాటి బ్యాటరీలు చూసుకునే పనిలోనే జీవితమంతా గడిపి, వయసైపోయి ఇంట్లో కూర్చున్నాడు. ఆయన కుడిచేతి ఉంగరపు వేలు సగమే ఉండేది. బండి పక్కన గొంతుక్కూర్చుని, నా పనితనాన్ని చాలాసేపు చూశాడు.

"ఎవలు కట్టిన్రు దీన్ని?"

"నేనే" అన్నాను, కాస్త గర్వంగానే.

"బతికినవ్ పోరీ. ఒకటేమో కొత్తది, ఒకటేమో ముసలిది. ఇద్దరు మనుషులు దూలం మోస్తున్నరనుకో. ఒకడు నిన్ననే జ్వరం నుంచి లేచిండు. వాడు కూలబడ్తడా, దూలం ఇద్దరి మీద పడ్తదా? ఒకటే కంపెనీ, ఒకటే వయసు, ఒకటే తాకత్, గట్లుంటెనే కలిపి కట్టాలె. తీగ జూడు, దారం లెక్కున్నది. ఫ్యూజేది?"

"ఫ్యూజెందుకు?"

ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "కింద అగ్గి పెట్టుకొని కూసున్నవ్" అన్నాడు.

"అయితే నువ్వే కట్టియ్యి మామా."

"కట్టియ్య. నేర్పిస్త. బ్రిడ్జి మీద బోల్టు వదులైతే నన్ను ఏడికెల్లి పిలుస్తవ్?" అని లేవబోతూ, నా కుడిచేతిని చూసి ఆగాడు. "పని నేర్సుకునుడుంటే మొదలు గది తీసెయ్యి."

నా చేతికున్నది వెండి కడియం. కాళ్ళు పడిపోయిన ఏడాదే మా అమ్మ మా చాల్ చివరనున్న పోచమ్మకు మొక్కుకుంది. బిడ్డ నడిచిన రోజున ఈ కడియం తీసి నీ పాదాల దగ్గర పెడతాను, అప్పటిదాకా చెయ్యి బోసిగా ఉంచను అని. నేను పెరిగేకొద్దీ కంసాలి దగ్గర కాస్త వెండి కలిపించి దాన్ని పెద్దది చేయిస్తూ వచ్చింది. అమ్మ తలమీద ఇసుక తట్టలు మోసే మనిషి. తన ఒంటిమీద పూసల దండ తప్ప ఏమీ ఉండేది కాదు, నా కడియం మాత్రం ఏటేటా బరువెక్కేది. నాకు ఆ మొక్కుమీద నమ్మకం ఎప్పుడో పోయింది. అమ్మమీద ప్రేమ పోలేదు కాబట్టి వేసుకు తిరిగాను.

మామ చెప్పిన మాట అమ్మకు చెప్పాను. పొయ్యి ముందు నుంచి లేవకుండానే, "తియ్యొద్దు" అంది.

"పని చేసేటప్పుడే అమ్మా. మళ్ళ వేసుకుంట."

"మాటిచ్చినంక గంటకో తీరు ఉంటదా? నీ కాళ్ళు నీకు అక్కెర లేకుంటే లేకపాయె, నాకున్నది అక్కెర."

అమ్మ మాట కొట్టేసి కడియం తీయలేను. అయితే నేర్చుకోకుండా ఉండే మనిషినీ కాను. అందుకని రెండువైపులా తెలివి చూపించాను. కడియాన్ని కొంచెం పైకి తోసి, నాయిన పాత ధోవతి గుడ్డ చింపి దానిమీద నాలుగు చుట్లు చుట్టాను. అమ్మకు కడియం తీయలేదని చెప్పాను, అది నిజమే. మామకేమో, "కడియం ఇంట్ల పెట్టిన, బండి తిప్పీ తిప్పీ మణికట్టు నొస్తుందని కట్టు కట్టుకున్న" అన్నాను. ఆయన నమ్మాడు. ఆడపిల్ల అబద్ధం ఆడుతుందా అనుకున్నాడో ఏమో, పాపం.

వానాకాలమంతా ఆయన ఇంటి వసారాలో నా చదువు సాగింది. టాక్సీ బ్యాటరీలు రెండూ పక్కకు పోయాయి. దాదర్ పోయి రావాలంటే అవి చాలవు. అలాంటివే ఇంకో జత తెచ్చి పక్కన కలుపుదామంటే మామ ఒప్పుకోలేదు. "జోడు మీద జోడు వద్దు. ఒక జోడు దిగితే రెండోది దానిలకు ఊడ్చుకపోతది, తీగలు కాల్తయ్. పెద్దవి కట్టాలె, ఒకటే వరస కట్టాలె" అన్నాడు. ఆయనే తిరిగి, ఒకే రోజు తయారైన ఆరు వోల్టుల పెద్ద బ్యాటరీలు నాలుగు తెప్పించాడు. ఒక్కొక్క దానిలో మూడు అరలు, మొత్తం పన్నెండు. వారానికోసారి ఒక్కో అరలో ఆసిడ్ బలమెంతుందో గాజు గొట్టంలోకి పీల్చి చూసి నోట్‌బుక్‌లో రాయాలి. ఏ ఒక్కటి మిగతావాటి కంటే వెనకబడ్డా, కారణం తెలిసేదాకా బండి కదలకూడదు. వెనకబడ్డ పిల్లను బెంచీ ఎక్కించే మా పంతులమ్మ గుర్తొచ్చి నవ్వితే, మామకు కోపం వచ్చింది.

పానా పిడికి సైకిలు ట్యూబు తొడగాలి. విప్పేటప్పుడు మైనస్సు ముందు, బిగించేటప్పుడు మైనస్సు చివర. ఫ్యూజు మోటారు దగ్గర కాదు, వరస మొదలయ్యే ప్లస్సుకు జానెడు దూరంలోనే ఉండాలి. నీళ్ళలో ఆసిడ్ పోయాలి గానీ ఆసిడ్‌లో నీళ్ళు పోయకూడదు. పక్కన బకెట్ నీళ్ళు, వంటసోడా ఉండాలి. ఛార్జింగ్ పెట్టినప్పుడు పెట్టె మూత తెరిచి ఉంచాలి, బ్యాటరీల్లోంచి వచ్చే గాలి నిప్పు తగిలితే పేలుతుంది. మా చాల్‌లో బీడీ తాగని మగాణ్ణి దీపం పెట్టి వెతకాలి. ఛార్జింగ్ ఉన్నంతసేపు నేను వసారా గుమ్మంలో కూర్చుని వచ్చిన ప్రతి ముసలాయన మీదా అరిచేదాన్ని. గయ్యాళి అని పేరొచ్చింది. ఆ పేరుకు నేను నొచ్చుకోలేదు.

ఈలోగా చేతికట్టు గుడ్డకు తరచూ చిల్లులు పడేవి. ఉతికినప్పుడల్లా ఇంకాస్త పీలికలయ్యేది. పాత ధోవతి కదా, నాసి గుడ్డ అనుకుని ఇంకో చుట్టు చుట్టేదాన్ని. నా పరికిణీకి కూడా అలాంటి చిల్లులే పడుతుంటే అమ్మ ఎలకలను తిట్టేది. ఆసిడ్ చుక్కలు నూలుగుడ్డను నెమ్మదిగా తినేస్తాయని మాత్రం, పుస్తకం రాసేటంత శ్రద్ధగా అన్నీ నోట్ చేసుకున్న నాకు తోచలేదు.

దసరాకు మూడు వారాలుండగా నాలుగు బ్యాటరీలనూ పెట్టెలో అమర్చాను. తీగ తక్కువ పడుతుందని రెండు వరసలుగా, ఎదురెదురుగా పెట్టాను. అలా పెడితే మొదటి బ్యాటరీ ప్లస్సు, చివరి బ్యాటరీ మైనస్సు పక్కపక్కనే వస్తాయి. నడుమ మూడు వేళ్ళ ఎడం, ఆ ఎడంలో మొత్తం ఇరవై నాలుగు వోల్టులు. మామ చూసి, "ఇట్ల కాదు, రేపు తిప్పి పెడ్దాం. అందాక ఆ రెండు కొనల మీది రబ్బరు టోపీలు తియ్యకు" అని, నీళ్ళు తేవడానికి లేచాడు. ఒక బోల్టు కొంచెం వదులుగా కనిపించింది. ఆ ఒక్కటీ బిగిద్దామని టోపీలు రెండూ తీసి చెయ్యి పెట్టాను.

ఢప్‌మని చప్పుడైంది. కళ్ళముందు తెల్లటి వెలుగు. గుడ్డ చిల్లులోంచి బయటపడ్డ కడియం ఆ రెంటినీ తాకింది. చెయ్యి లాగుదామంటే కడియం అతుక్కుపోయింది, క్షణంలో మణికట్టు చుట్టూ కాలిపోతోంది. నీళ్ళతో వస్తున్న మామ బకెట్ దించి, చెక్కపీట అందుకుని నా మోచేతిని కింది నుంచి కొట్టాడు. చెయ్యి విడివడింది. దాన్ని పట్టుకుని బకెట్‌లో ముంచాడు. నీళ్ళు సుయ్‌మన్నాయి.

నేను ఏడుస్తున్నాను.  మామ నా మొహం ముందు తన సగం వేలు పెట్టాడు. "ఇది నా పెండ్లి ఉంగరం జేసిన పని. నువ్వు పుట్టక ముందటి ముచ్చట. గందుకే చెప్పిన. నీకేం దెలుసు, ఫ్యూజు కాపాడ్తదనుకున్నవా? ఫ్యూజుకు ముందే అంటుకున్నది. దాని దాంక పోతెగద అది కాలేది. అబద్ధం ఆడే మనిషికి నేను కరెంటు నేర్పియ్య. పో."

అమ్మ నా చేతికి మందు రాస్తూ మొదట అన్నది ఒకటే. "అమ్మవారిని గుడ్డకింద దాస్తే ఊకుంటదా?"

అప్పటిదాకా ఓర్చుకున్నాను. ఇక ఓర్చుకోలేకపోయాను. "అమ్మవారు కాల్చలేదమ్మా, నా అబద్ధం కాల్చింది. ఆ అబద్ధం నీకోసం ఆడిన. దసరా పోతే ఆ కుర్చీ పోతది. ఇంక బతుకంతా ఈ గదిలో కూసుంట, నాయిన నడుము ఇరిగేదాంక మోస్తడు, తర్వాత నువ్వు మొయ్యి" అన్నాను. అమ్మను అంత గట్టిగా ఎప్పుడూ అనలేదు. ఆమె మందు రాయడం ఆపలేదు. 

మర్నాడు పనికి పోకుండా ఆమె మామ ఇంటికి పోయింది. అక్కడ జరిగింది తర్వాత మామే చెప్పాడు. ఆమె వసారా ముందు నిలబడి, "గంత చిన్న డబ్బాల ఏమున్నదన్నా, నా బిడ్డ చెయ్యి కాల్చే అంత? నాకు చూపియ్యి" అందట. ఆయన ఒక పాత బ్యాటరీని బయట ఎండలో పెట్టి, ఇది ఎవరూ చేయకూడని పని, ఒక్కసారి మాత్రమే చూడు అని, పొడుగాటి కర్రల నడుమ ఇనప మేకు పట్టుకుని రెండు కొనల మీద ఆనించాడట. మేకు ఎర్రగా కాలి, వంగి, కింద పడింది. అమ్మ ఆ మేకు చల్లారేదాకా అక్కడే నిలబడిందట.

ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చుంది. కాలిన చోట తగలకుండా, కడియం నోరు రెండు చేతులతో విడదీసి, మెల్లగా తీసింది. వెండి ఒకచోట కరిగి గుంట పడి ఉంది. దాన్ని పసుపు గుడ్డలో మూటగట్టి దేవుడి గూట్లో పెట్టి, పోచమ్మతో ఇంటి మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది. "తియ్యలేదు తల్లీ. జర నీ దగ్గెర దాస్తున్న. నువ్వే సంభాళించు." తర్వాత నావైపు తిరిగి, "పా, మీ మామ పిలుస్తున్నడు. గీసారి నాకు ఎరుక లేకుండ ఏం చెయ్యకు" అంది.

మామ ఒక పరీక్ష పెట్టాడు. పెట్టెలో ఉన్నదంతా విప్పి, ఆయన నోరు విప్పకుండా, నేనే మళ్ళీ మొత్తం కట్టాలి. ఎడమచేత్తో పట్టి, కాలిన చేత్తో బిగించాను. ఈసారి బ్యాటరీలను తిప్పి పెట్టాను, మొదటి కొన ఒక మూల, చివరి కొన ఎదుటి మూల. తీగ ఎక్కువే పట్టింది, పట్టనీ. నడుమ రబ్బరు పలకలు, కదలకుండా కింద పట్టీలు, పెట్టెకు గాలి పోవడానికి చిల్లులు, ప్లస్సు పక్కనే ఫ్యూజు. చివరి మైనస్సు బిగించబోతుంటే, ఇంతసేపూ గడపలో కూర్చుని చూస్తున్న అమ్మ, "ఆగు" అంది. లేచి వచ్చి, "చేతులు చూపియ్యి" అంది. రెండూ చాచాను. అటూ ఇటూ తిప్పి చూసి, బోసిగా ఉన్నాయని నిశ్చయించుకుని, "ఊఁ" అంది. మామ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ తర్వాత నేను బ్యాటరీ పెట్టె ముట్టుకున్న ప్రతిసారీ అమ్మ అలాగే చేతులు చూసేది.

దసరా దాటిన సోమవారం బయల్దేరాను. నాయిన వెనకే నడుస్తూ వచ్చాడు. వద్దన్నా వినలేదు. బైకుల్లా బ్రిడ్జి మొదట్లో బండి ఆపి, "నాయినా, నువ్వు ఈడనే ఉండు" అన్నాను.

"ఒక్కపారి నూకుత బిడ్డా, ఎక్కేదాంకనే."

"వద్దు."

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నేను మీట నొక్కాను. మోటారు మూలిగింది, బండి నడకకన్నా కొంచెం మెల్లగా ఎక్కసాగింది. వెనక బస్సులు హారన్లు కొడుతున్నాయి. కొట్టుకోనీ. మనసంతా సీటు కిందే పెట్టాను, పొగ వాసన వస్తుందేమోనని. రాలేదు. పైకి చేరాక వెనక్కి తిరిగి చూస్తే నాయిన ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు. వీపు మీద ఎవరూ లేకుండా ఆయన్ని అంత దూరం నుంచి చూడడం నాకదే మొదటిసారి. గట్టిగా ఏడుపొచ్చింది, సంతోషమో ఏమో. దిగుడులో బ్రేకు మీద ధ్యాస పెట్టి ఏడుపు ఆపుకున్నాను. దాదర్‌లో పిల్లలు గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుండగానే పోయి నా కుర్చీలో కూర్చున్నాను.

సాయంత్రం గల్లీ మలుపులో అమ్మ ఉంది. బండి పూర్తిగా ఆగకముందే అడిగింది.

"ఎవలన్న నూకిన్రా?"

"ఎవ్వలు నూకలె."

"పోయేటప్పుడు? వచ్చేటప్పుడు?"

"రెండుపార్లు ఎక్కిన అమ్మా. ఎవ్వలు నూకలె."

ఇంట్లోకి పోయి తలమీద నీళ్ళు పోసుకుని, తడి జుట్టుతోనే గూట్లోంచి పసుపు మూట తీసింది. నన్ను బండిమీదే పోచమ్మ దగ్గరకు రమ్మంది. అక్కడ దీపం పెట్టే ముసలమ్మ మూట విప్పి, కడియం మీది కరిగిన గుంటను వేలితో తడిమి, బండిలో కూర్చున్న నన్ను ఎగాదిగా చూసింది. ఆమెకు మా మొక్కు తెలుసు.

"గిదేందే? నడిచినంకనే ఇస్తనంటివి గద. నడిచిందా నీ బిడ్డ?"

మా అమ్మ తడబడలేదు.

"బైకుల్లా బ్రిడ్జి ఎక్కింది" అంది. "తీసుకో."